పెదవులు కదలని చోట

లైట్లు తొందరగా ఆరిపోతే బాగుండు అనుకుంది శశికళ. మరుక్షణమే, అసలు ఆరకపోతే ఇంకా బాగుండు, సినిమా మిషను చెడిపోయిందని చెప్పి అందర్నీ ఇళ్లకు పంపేస్తే ఎంత బాగుండు అనుకుంది. బెంగళూరు ఇందిరానగర్‌లో ఒక సందు చివర చిన్న హాలు. ఒకరి మోచెయ్యి ఒకరికి తగిలేటట్టు కుర్చీలు. ఆమెకు ఎడమపక్క భర్త అశోక్‌కుమార్, కుడిపక్క కూతురు చైత్ర, చైత్రకు అవతల, చైత్రతో ఒకే ఇంట్లో ఉండే భూమిక. తనకే వదిలేసి ఉంటే ఆమె చివరి వరసలో, తలుపు పక్కన కూర్చునేది. కానీ చైత్ర ముందే వచ్చి సీట్లు పట్టిపెట్టింది, నడిమి వరసలో, సరిగ్గా నడుమ, పెళ్లికి వచ్చిన పెద్దలను కూర్చోబెట్టినట్టు. ఇప్పుడు లేచి బయటికి పోవాలంటే ఎవరో ఒకరి మోకాళ్లు దాటాలి. అశోక్‌కుమార్ చొక్కా జేబులో వేయించిన శనక్కాయల పొట్లం ఉంది. హాల్లోకి తిండి తేవద్దని గోడమీద రాసి ఉన్నా, హొసకోటె ఫ్యాక్టరీలో గేటు చెకింగు ఎట్లా దాటాలో తెలిసిన మనిషి కాబట్టి దాన్ని జేబురుమాలు కింద దాచుకొని వచ్చాడు. చొక్కా తనే ఇస్త్రీ చేసుకున్నాడు. ఎందుకు చేసుకున్నాడో ఆమెకు తెలుసు. కిందటి వారం చైత్ర ఫోన్ చేసి, ఆదివారం మధ్యాహ్నం మీరిద్దరూ రండి, ఒక పాత సినిమా చూద్దాం, అయినాక కూర్చొని మీతో ఒక మాట చెప్పేది ఉంది అన్నప్పట్నుంచి ఆయన మనసులో ఒక అల్లుడు తిరుగుతున్నాడు. ఆఫీసులో పిల్లోడే అయ్యుంటాడు, మన కులం కాకపోయినా పర్లేదులే, ఈ కాలంలో ఎవరు చూస్తారు అని మెట్రోలో కె.ఆర్.పురం నుంచి ఇక్కడి దాకా తనలో తనే ఒప్పుకుంటూ వచ్చాడు.

ఆ మాట ఏమిటో శశికళకు తెలుసు. ఎవరూ చెప్పలేదు. ఉగాది ముందర ఆవకాయ సీసాలు పట్టుకొని సర్జాపుర రోడ్డులో చైత్ర, భూమిక ఉండే అపార్ట్‌మెంటుకు వెళ్లినప్పుడు, ఇద్దరమ్మాయిలు, రెండు గదులు అని చెప్పిన ఇంట్లో రెండో గదినిండా అట్టపెట్టెలు, బట్టలారేసే స్టాండు, కుట్టుమిషను. మంచం లేదు. ఆమె స్టాండు మీది బట్టలు తీసి మడిచింది, ఏవి ఎవరివో విడదీయబోయి, విడదీయకుండా ఒకే దొంతరగా పెట్టింది. తిరుగు బస్సులో ఏడుస్తానేమో అనుకుంది, ఏడుపు రాలేదు. భూమికకు ఆవకాయ కారం ఎక్కువవుతుందేమో, ఈసారి ఆ పిల్లకు వేరుగా తక్కువ కారంతో పెట్టాలేమో అని మాత్రం మార్తహళ్ళి దాకా ఆలోచించింది. అశోక్‌కుమార్‌తో చెప్పలేదు. పాప తన నోటితో చెప్పుకోవాల్సిన మాటను ముందే తీసుకుపోయి తండ్రి చేతిలో పెట్టడం సరి కాదనిపించింది. అందుకే ఈ ఆదివారం గురించి ఆమె భయపడలేదు, అప్పటి దాకా. ఫోనులో చైత్ర సినిమా పేరు చెప్పేదాకా. నడిమిగోడ అంట అమ్మా, నీకు తెలియదులే, నేను పుట్టకముందు వచ్చింది, రాంగానే గొడవ చేసి ఆపేసినారంట, మన మాటలోనే ఉంటాది అంది. శశికళ ఒక చేత్తో ఫోను, ఇంకో చేత్తో గరిటె పట్టుకొని, పప్పు అడుగంటిన వాసన వచ్చేదాకా అట్లాగే నిలబడింది.

తెలియకేం. ఆ సినిమాలో సగం గొంతు ఆమెది.

స్టేజీ మీదికి పిలక కట్టుకున్న కుర్రాడొకడు మైకు పట్టుకొని వచ్చాడు. కన్నడంలో, ఇంగ్లిషులో కలిపి చెప్తున్నాడు. ఇద్దరు ఆడవాళ్ల ప్రేమ గురించి మనవైపు ఎవరూ నోరెత్తని కాలంలో, అప్పులు చేసి, ఊరివాళ్ల ఇళ్లలో తీసిన సినిమా ఇది. ఒకే ఒక్క ఆట ఆడింది. థియేటరు అద్దాలు పగలగొట్టారు, ఫిల్ము పెట్టెలు వెనక్కి పంపేశారు. డైరెక్టరు నళిని గారు పోయి నాలుగేళ్లవుతుంది, ఆవిడ పోయాక చెన్నైలో ఒక ల్యాబు గోదాములో తుప్పు పట్టిన డబ్బాల్లో దొరికింది. బొమ్మ మొత్తం బాగుచేశాం. ఒక రీలుకు మాత్రం సౌండు నెగటివు దొరకలేదు, ఆ భాగం నిశ్శబ్దంగానే చూడాలి, క్షమించండి. ఇంకొకటి, తెరమీది ఇద్దరు నటీమణులకూ తెలుగు రాదు, వాళ్లకు గొంతు ఇచ్చిన ఇద్దరి పేర్లూ టైటిల్సులో లేవు, మాకూ తెలియవు. మీలో ఎవరికైనా తెలిస్తే దయచేసి చెప్పండి. చప్పట్లు. శశికళ కూడా రెండు చేతులూ కలిపింది గానీ శబ్దం రాలేదు, అరచేతులు తడిగా ఉన్నాయి. చైత్ర ఆమె చెవి దగ్గరికి వంగి, “ఇద్దరిలో ఆ పెద్దామె గొంతు వినమ్మా. ట్రైలర్లో ఒకే ఒక్క డైలాగు ఉండాది, నేను ఎన్నిసార్లు పెట్టుకొని విన్నానో. ఎక్కడో విన్నట్టే ఉంటాది” అంది. అని నవ్వింది. ఆ నవ్వులో ఏమైనా ఉందా అని శశికళ చీకట్లో కూతురి ముఖం వెతికింది, అప్పటికే లైట్లు ఆరిపోయాయి.

ఏ రీలు. అదొక్కటి చెప్పి ఉంటే బాగుండేది ఆ కుర్రాడు. ఏ రీలుకు సౌండు లేదో. సినిమాకు గొంతు ఇచ్చింది గానీ సినిమా చూడలేదు ఆమె, అదే వచ్చిన చిక్కు. చూసిందంతా లూపులు. ఒక చిన్న ముక్క కత్తిరించి, రెండు కొసలూ అతికించి, మిషనులో వేస్తే అది గిరగిరా తిరుగుతూ వచ్చిందే వస్తుంది: తలుపు తీస్తుంది, చూస్తుంది, రా అంటుంది, తలుపు తీస్తుంది, చూస్తుంది, రా అంటుంది. మొదటి రెండు సార్లు ఊరికే చూడాలి, తర్వాత పెదవులు ఎప్పుడు తెరుచుకుంటాయో పట్టుకొని అనాలి. ఆ ముక్కలు కూడా వరసలో రావు. ఏది తయారుగా ఉంటే అది. పొద్దున చివరి సీను, టీ తాగాక మొదటి సీను. ఆ కథలో ఎవరు ముందు ఏడ్చారో, ఎవరు తర్వాత నవ్వారో ఆమెకు ఎప్పుడూ తెలియలేదు. ఇప్పుడు కూడా తెలియదు. ఆమె భయపడుతున్న ఆ ఒక్క సీను ఇప్పుడే రావచ్చు, అరగంటకు రావచ్చు, ఆఖర్లో రావచ్చు. పొద్దున ఇడ్లీ పిండి గిన్నె బయటే పెట్టి వచ్చానా, ఈ ఎండకు పొంగి గట్టంతా కారి ఉంటుంది అనుకుంది, అనుకుంటూనే తెరమీద ఒక పెంకుటిల్లు, పక్కనే ఇంకో పెంకుటిల్లు, నడుమ ఒకే గోడ, మగ్గం గుంతలో ఎండ, పట్టుగూళ్లు ఉడుకుతున్న తొట్టి మీద ఆవిరి, ఆవిరిలోంచి పెద్దామె ముఖం తిరిగి, “ఎవరది, లోపలికి రాకుండా ఆడే నిలబడుండేది” అంది.

అది తన గొంతు. ఇంత సన్నగా ఉండేదా, ఇంత ధైర్యంగా ఉండేదా. ఇరవై రెండేళ్ల పిల్ల, గొంతులో నలభై ఏళ్ల మనిషి బరువు పెట్టుకొని మాట్లాడుతోంది, దొంగ బరువు, ఇప్పుడు వింటే తెలిసిపోతోంది. నళిని ఆమెను ఎంచుకున్నది పుస్తకాల భాష విని కాదు. కాలేజీ తెలుగు సంఘంలో శశికళ ఏదో వ్యాసం చక్కటి భాషలో చదివితే ఆవిడ ఆవులించింది. మీటింగు అయ్యాక కొళాయి దగ్గర ఒక స్నేహితురాలిని, నా గ్లాసు ఏడబెట్టినావే నువ్వు అని తిడుతుంటే వెనకనుంచి వచ్చి భుజం పట్టుకుంది. ఈ మాట కావాల నాకు, ఆ చదివిన మాట కాదు అంది. ఇంట్లో ఏం చెప్పాలో తెలియక శశికళ, పట్టుపురుగుల మీద సర్కారు వాళ్లు తీసే చిన్న సినిమా అని చెప్పింది నాన్నతో. పట్టుపురుగులు ఉన్నాయి కదా, మరీ అబద్ధం కాదు. “చూడు చూడు” అని అశోక్‌కుమార్ ఆమె మోచేతిని పొడిచాడు. గొంతు పోల్చేశాడు అనుకుంది ఆమె. “పోగు తీసేది కరెక్టుగా చూపించినారు. మా మేనత్త వాళ్లింట్లో ఇట్లే ఉండేది తొట్టి. మాట గూడా మన పక్కదే, సినిమా మాట కాదు” అన్నాడు. అని ఒక శనక్కాయ నోట్లో వేసుకున్నాడు. గొంతు పోల్చలేదు. ఇరవై ఏడేళ్లుగా ఆ గొంతు కాఫీ ఇస్తోంది, గ్యాసు బుక్ చేయమంటోంది, అయినా పోల్చలేదు. మంచిదే కదా అనుకుంది. మంచిదే అనుకున్నాక ఎందుకో చిన్నగా నొచ్చుకుంది, నొచ్చుకున్నందుకు తనమీద తనకే కోపం వచ్చింది.

చిన్నామె వచ్చింది తెరమీదికి. తడి కాళ్లతో, ఇత్తడి చెంబుతో. “ఉప్పు ఉంటే ఇస్తావేమో అని” అంది. శశికళ కళ్లు మూసుకుంది. ఆ గొంతు భారతిది. ప్రతి వాక్యం చివర కొంచెం పైకి లేచి, అడిగినట్టూ అడగనట్టూ ఆగిపోయే గొంతు. గాంధీనగర్‌లో ఒక మేడ మీద ఆ రికార్డింగు గది, గోడలకు పాత బొంతలు, టేకు తీసేటప్పుడు ఫ్యాన్ ఆపేసేవాళ్లు, లేకపోతే ఆ గాలి మైకులో పడుతుందని. ఉన్నది ఒకే మైకు. ఇద్దరూ భుజం భుజం ఆనించి నిలబడితే తప్ప రెండు గొంతులూ సమంగా పడేవి కావు. చెమట ఎవరిదో తెలిసేది కాదు. భారతి తాను మాట్లాడే ముందు శశికళ మణికట్టు మీద చూపుడు వేలితో ఒకసారి తట్టేది, ఇప్పుడు నేను వస్తున్నా అన్నట్టు. లూపు తిరుగుతున్నంతసేపూ ఆ తట్టు కోసం ఎదురు చూసేది శశికళ. లూపు తప్పితే బాగుండు, మళ్లీ తీద్దామంటే బాగుండు అనుకునేది. దానికి పేరు పెట్టలేదు. పేరు పెట్టడానికి మాట కూడా ఉండేది కాదు, ఉన్న మాటలన్నీ తిట్లే. తెరమీద ఉన్న ఇద్దరికీ ఏమవుతోందో వీళ్లిద్దరికీ తెలుసు, మైకు ముందున్న ఇద్దరికీ ఏమవుతోందో మాత్రం ఎవరూ అడగలేదు. డబ్బింగు అయిపోయాక భారతి కర్నూలు వైపు ఎక్కడికో పెళ్లయి పోయింది. తర్వాత శశికళ. ఉత్తరాలు రాసుకుందాం అనుకున్నారు, రాసుకోలేదు. ఇప్పుడు ఇక్కడ, ఈ చీకట్లో, భారతి ఉప్పు అడుగుతోంది, ఆమెకు ఇంకా ఇరవై రెండేళ్లే.

గొంతు పోల్చకపోతే పోల్చకపోయారు, దానిది కాదు భయం. ఆ సీనుది. పెద్దామె గడప మీద కూర్చొని, చిన్నామెను కింది మెట్టు మీద కూర్చోబెట్టుకొని, తల దువ్వుతుంది. అంతే. ఇద్దరూ మాట్లాడరు. చాలాసేపు ఉంటుంది. దానికి గొంతే అక్కర్లేదని ఆ రోజు శశికళ బ్యాగు సర్దుకుంటుంటే నళిని ఆపింది. వట్టిగా వదిలేస్తే ఈ సీనుకు నవ్వుతారు అంది. ఎవరు నవ్వుతారండీ అని అడిగింది శశికళ. “జనం. ఏమీ వినపడకపోతే వాళ్లకు భయమైతాది, భయమైతే నవ్వుతారు. ఏదో ఒకటి ఇయ్యి శశీ, ఆమె పెదవులు మూసుకొనే ఉండాయి, ఏం ఇచ్చినా అతుక్కుంటాది” అంది. ఏమివ్వాలో తెలియలేదు. మైకు ముందు నిలబడి ఊ, ఆ అంది, దొంగ నిట్టూర్పులు విడిచింది. రికార్డిస్టు కదిరప్ప అద్దం వెనకనుంచి తల అడ్డంగా ఊపుతూనే ఉన్నాడు. అప్పుడు భారతి కింద బండల మీద కూర్చుంది. తన జడ తానే విప్పుకొంది. బ్యాగులోంచి దువ్వెన తీసి వెనక్కి చూడకుండా చెయ్యి చాపి, నాకు దువ్వు, అప్పుడొస్తాది నీకు అంది. కదిరప్ప గొణుక్కుంటూ వచ్చి మైకు కిందికి దించాడు. శశికళ దువ్వడం మొదలుపెట్టింది. వచ్చింది. మాటలు లేని రాగం, నోరు తెరవకుండా ముక్కుతో తీసేది. ఆమె అవ్వ, తల దువ్వించుకోకుండా పారిపోయే పిల్లలను కదలకుండా కూర్చోబెట్టడానికి తీసేది, వాళ్ల ఇంట్లో తప్ప ఇంకెక్కడా లేనిది. దువ్వెన పైనుంచి కిందికి వచ్చేంత పొడవు ఒక వరస, దువ్వెన పైకి లేచినప్పుడు ఊపిరి. దువ్వెన చప్పుడు కూడా పడిందని కదిరప్ప మొదట తిట్టి, మళ్లీ విని, ఉండనీండి అన్నాడు.

ఆ రాగం చైత్రకు తెలుసు. బడికి పోయే ప్రతి పొద్దునా, వంటింటి గుమ్మంలో పీట మీద కూర్చోబెట్టి రెండు జడలు వేస్తూ శశికళ తీసిన రాగం అది. వద్దనుకున్నా వచ్చేసేది, చేతిలో దువ్వెన ఉంటే గొంతు దానంతటదే కదిలేది. అదే గుమ్మానికి ఎదురుగా అద్దం పెట్టుకొని అశోక్‌కుమార్ గడ్డం గీసుకునేవాడు, ఏందే మీ ఇద్దరి కచేరీ, నాకు బ్లేడు తెగుతాది అని పదో తరగతి దాకా అదే జోకు వేసేవాడు. మాట మారుతుంది, వయసు మారితే గొంతు మారుతుంది. అది మారదు. అది విన్న నిమిషాన ఎడమ పక్క ఒక తల, కుడి పక్క ఒక తల, రెండూ ఆమె వైపు తిరుగుతాయి. తిరిగితే ఏమవుతుందో ఆమె వారం రోజులుగా, గిన్నెలు తోముతూ, బట్టలు ఆరేస్తూ, లూపు మాదిరిగా తిప్పుకుంటూనే ఉంది. పెళ్లైన కొత్తలో, కాటన్‌పేట అద్దె ఇంట్లో, అశోక్‌కుమార్ పేపరు చదువుతూ ఆ థియేటరు గొడవ వార్త దగ్గర ఆగి, ఇట్లాంటివి తీసేవాళ్లకు ఇంట్లో అమ్మా అక్కా ఉండరా అన్నాడు. కోపంగా కూడా కాదు, ఎండలు మండిపోతున్నాయి అన్నట్టు అన్నాడు. ఆమె కాఫీ గ్లాసు ఆయన పక్కన పెట్టి లోపలికి పోయింది. టైటిల్సులో పేరు తీసేయమని నళినిని అడిగింది అంతకు ముందే, పెళ్లి ఖాయమైన వారంలో. సరే అని నళిని, “పేరు తీస్తా. గొంతు ఎట్లా తీసేది” అని మాత్రం అంది. ఆయన ఆ మాట మరిచిపోయి ఉంటాడు. మనుషులు అన్న మాటలు మరిచిపోతారు, విన్నవాళ్లే మోసుకుంటారు.

తన సంగతి తెలిస్తే తెలిసింది, యాభై ఏళ్లు దగ్గర పడ్డాక తననేం చేస్తారు. కానీ ఈ రోజు కాదు. ఈ రోజు పాపది. ఇంకో గంటకు పాప ఏ కాఫీ హోటల్లోనో టేబుల్ మీద వేళ్లు పెనవేసుకొని నోరు తెరుస్తుంది. అప్పటికే ఆయన చెవిలో తన రాగం పడి ఉంటే, ఓహో, ఇది తల్లి దగ్గర్నుంచి వచ్చిందా అంటాడు. పాప మాట పాపది కాకుండా పోతుంది. ఆ పిల్ల ఎన్నాళ్లు కూడగట్టుకున్న ధైర్యమో తల్లి పాత కథలో కలిసిపోతుంది. అత్తగారి వైపువాళ్లు అయితే చెప్పనే అక్కర్లేదు, మేం అప్పుడే అనుకున్నాం అంటారు. దేవుడా, ఆ సౌండు పోయిన రీలు ఈ సీనుదే అయ్యేట్టు చూడు. తుప్పు పట్టినవాటిలో అదే తుప్పు పట్టి ఉండాలి. మొక్కుకుంది, మొక్కుకుంటూనే, భూమండలంలో తను భారతి తల దువ్విన చప్పుడు మిగిలి ఉన్నది ఆ ఒక్క రీలులోనే కదా, అది పోవాలని మొక్కుతున్నానా అనుకుంది. అయినా మొక్కు వెనక్కి తీసుకోలేదు. తెరమీద చిన్నామె తలకు నూనె రాసుకుంటోంది. శశికళ చేతులు బ్యాగు జిప్పును పట్టుకున్నాయి. ఇదేనా. కాదు, నూనె రాసుకొని ముడి వేసుకొని లేచి పోయింది. ఊపిరి వదిలింది. గోడ ఇవతల పెద్దామె, అవతల చిన్నామె, ఇద్దరూ ఒకే గోడకు వీపు ఆనించి కూర్చున్నారు, గోడ మీద వేలితో ఒకసారి తట్టింది చిన్నామె. శశికళ తన మణికట్టు చూసుకుంది. భూమిక చెయ్యి చైత్ర ఒడిలో ఉంది, చీకట్లో తెల్లగా, చైత్ర దాన్ని రెండు చేతుల్లో పట్టుకొని ఉంది. అశోక్‌కుమార్ అటు చూడలేదు. ముందుకు వంగి తెర చూస్తున్నాడు, శనక్కాయలు నమలడం ఎప్పుడు మానేశాడో.

తెర నల్లబడింది. తెల్ల అక్షరాలు వచ్చాయి: ఈ భాగానికి శబ్దం లభించలేదు. తర్వాత ఎండ, గడప, కింది మెట్టు, చేతిలో దువ్వెన.

ఇదే. ఇదే రీలు. దేవుడు విన్నాడు. ఆమె ఒళ్లంతా ఒక్కసారి వదులై కుర్చీలో జారింది, చంకల కింద చెమట చల్లబడింది, ఎవరికీ తెలియదు, ఇంక ఎప్పటికీ తెలియదు, ఇంటికి పోయి పిండి గట్టు తుడుచుకోవచ్చు. తెరమీద దువ్వెన దిగుతోంది, లేస్తోంది. శబ్దం లేని దువ్వెన. హాల్లో ఏసీ గుర్రుమంటోంది. ఎవరో దగ్గారు. ఎవరిదో కుర్చీ కిర్రుమంది. పెద్దామె చిన్నామె చెవి వెనక వెంట్రుకలు సర్ది, వంగి, ఆ నడినెత్తి మీద చెంప ఆనించింది. ఎంతసేపటికీ తియ్యలేదు. వెనక వరసలో ఒకడు ముక్కుతో నవ్వాడు. పక్కవాడు ఆపుకోబోయి ఆపుకోలేక నవ్వాడు. ఇంకెవడో నాలుకతో చప్పరించి చిన్న ముద్దు శబ్దం చేశాడు. ఈసారి నవ్వు రెండు మూడు చోట్ల లేచింది. చెడ్డవాళ్లేం కాదు, టికెట్టు కొనుక్కొని ఈ సినిమాకే వచ్చిన పిల్లలు, ఏమీ వినపడకపోతే భయమైన పిల్లలు. ఆమె కుడి వైపు చూసింది. చైత్ర భుజాలు దగ్గరికి ముడుచుకుపోయాయి, చిన్నప్పుడు లెక్కల మార్కులు చెప్పేముందు ముడుచుకున్నట్టే. భూమిక చెయ్యి మెల్లగా ఆ ఒడిలోంచి వెనక్కి వచ్చి తన ఒడిలోకి పోయింది. చైత్ర ఆపలేదు. తెర చూడటం లేదు చైత్ర, వంచిన కళ్లతో తండ్రి బూట్ల వైపు చూస్తోంది. ఈ మాట ఇంక చెప్పదు. కాఫీ తాగి, ఏదో పూనా ట్రాన్స్‌ఫరనో బండి కొంటున్నాననో చెప్పి పంపేస్తుంది. శశికళకు అది అక్షరం అక్షరం వినిపించింది. మళ్లీ ఎప్పుడు కూడగట్టుకుంటుందో, కూడగట్టుకోదో. వట్టిగా వదిలేస్తే నవ్వుతారు. ఏదో ఒకటి ఇయ్యి శశీ. ఆమె పెదవులు మూసుకొనే ఉండాయి.

దువ్వెన పైకి లేచింది. శశికళ ఊపిరి తీసుకుంది. దువ్వెన దిగడం మొదలవ్వగానే ఆమె గొంతులోంచి అది బయలుదేరింది, మొదట గరగరగా, పొద్దుట్నుంచి మాట్లాడని గొంతులాగా, రెండో వరసకు సాఫయింది. పెదవులు కదపలేదు. కొస దాకా, దువ్వెనతో పాటే దిగి, దువ్వెన లేచినప్పుడు ఆగి, మళ్లీ. ఇరవై ఏడేళ్ల తర్వాత కూడా లూపు ఎక్కడ తిరుగుతుందో మణికట్టుకు గుర్తుంది. వెనక నవ్విన వాడు ఇంకోసారి నవ్వబోయి, శబ్దం తెరలోంచి వస్తోందో మనుషుల్లోంచి వస్తోందో అర్థం కాక ఆగిపోయాడు. ముందు వరసలో ఎవరో వెనక్కి తిరగబోతే, పక్కనున్న ముసలావిడ తొడ మీద తట్టి ఆపింది. ఏసీ తప్ప ఇంకేం లేదు, ఏసీ మీద ఈ రాగం. కుడి పక్క చైత్ర తల మెల్లగా తిరిగింది, ఆమెకు తెలుస్తోంది, చెంప మీద ఎండ తగిలినట్టు కూతురి చూపు తగులుతోంది. ఆమె తిరగలేదు, తిరిగితే వరస తప్పుతుంది. “అమ్మా” అన్నది చైత్ర, గొంతు లేకుండా, ఊపిరితోనే. ఎడమ పక్క అశోక్‌కుమార్ జేబులో శనక్కాయల కాగితం చప్పుడు ఒకసారి అయ్యి ఆగిపోయింది. ఆయన ఇటు చూడలేదు. తెర వైపే చూస్తూ, బ్లేడు గడ్డం కింద పెట్టి ఆగిన మనిషిలా కదలకుండా ఉన్నాడు. ఏమంటాడో ఆమెకు తెలియదు, ఇంటికి పోయేదాకా ఏమీ అనకపోవచ్చు, అన్నీ అనవచ్చు. ఆయన మోకాలు ఆమె మోకాలిని ఆనుకొని ఉంది. పక్కకు జరుపుకోడానికి చోటుంది, జరుపుకోలేదు. చైత్ర చెయ్యి చీకట్లో అటు తిరిగి భూమిక ఒడిలో వెతికి, ఆ చేతిని పట్టుకొని తెచ్చి తల్లి కుర్చీ చేతిమీద, వెలుతురు పడే చోట, అందరికీ కనపడేట్టు పెట్టింది. తెరమీద చిన్నామె వెంట్రుకలు చాలా పొడవు. ఇంకా చాలా దువ్వాలి. దువ్వెన పైకి లేచింది, శశికళ ఊపిరి తీసుకుంది.